విక్రమ్ సారాభాయ్: అమెరికా రాకెట్, సోవియట్ హెలికాప్టర్.. ఇద్దరి సాయమూ తీసుకుని ఇస్రోకు పునాది వేసిన మనిషి కథ

1963 నవంబర్ 21. కేరళ రాజధాని తిరువనంతపురం పక్కనే ఉన్న తుంబా అనే చిన్న మత్స్యకార గ్రామం. పొద్దుగుంకే వేళ ఓ రాకెట్ నిప్పులు కక్కుతూ పైకి లేచింది. కాసేపటికి ఆకాశంలో నారింజ రంగు మేఘం పరుచుకుంది. భారత అంతరిక్ష ప్రయాణంలో అదే తొలి అడుగు.

అయితే ఇక్కడో ట్విస్ట్ ఉంది. ఆ రాకెట్ మనది కాదు, అమెరికాది. పేరు నైక్ అపాచీ. అందులో పెట్టిన సోడియం పరికరం ఫ్రాన్స్‌ది. అదే తుంబా కేంద్రానికి కంప్యూటర్, హెలికాప్టర్ ఇచ్చింది మాత్రం సోవియట్ యూనియన్! అప్పటికి ఏడాది కిందటే క్యూబాలో క్షిపణుల గొడవతో అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచు దాకా వెళ్లొచ్చాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఆ రెండు దేశాల సామాను ఒకే ఇసుక తీరంలోకి ఎలా చేరింది?

దీని వెనకున్న మనిషి పేరు విక్రమ్ అంబాలాల్ సారాభాయ్. ఇస్రో పేరు వినగానే అందరికీ గుర్తొచ్చే ఫొటో ఆయనదే. కానీ ఆయన చేసిన అసలు పని రాకెట్లు ఎగరేయడం ఒక్కటే కాదు. చేతిలో డబ్బు లేని దేశం, చేతిలో అన్నీ ఉన్న దేశాలతో ఎలా ఒప్పందం చేసుకోవాలో చూపించారు. ఆ ఒప్పందాల్లో కొన్ని ఆయన పోయిన తర్వాతే ఫలితం ఇచ్చాయి. అందులో ఒకటి మన తెలుగు పల్లెల దాకా వచ్చింది.

సమ్మె చేసేవాళ్లూ, మిల్లు యజమానీ ఒకే కుటుంబంలో

విక్రమ్ పుట్టింది 1919 ఆగస్టు 12న, అహ్మదాబాద్‌లో. తండ్రి అంబాలాల్ సారాభాయ్ బట్టల మిల్లుల యజమాని. తల్లి సరళాదేవి. మొత్తం ఎనిమిది మంది పిల్లలు. వాళ్ల కోసం తల్లిదండ్రులు ఇంట్లోనే ఓ బడి పెట్టించారు. మాంటిస్సోరి పద్ధతిలో చదువు. గాంధీ, టాగూర్, నెహ్రూ లాంటి వాళ్లు వచ్చిపోయే ఇల్లది.

ఆ కుటుంబంలో ఓ విచిత్రం ఉంది. విక్రమ్ పుట్టడానికి ఏడాది ముందు, 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికులు పెద్ద సమ్మె చేశారు. గాంధీ కార్మికుల పక్షాన నిలబడ్డారు. గాంధీ పక్కన ఉండి ఆ సమ్మెను నడిపించిన అనసూయా సారాభాయ్ ఎవరో కాదు, అంబాలాల్ సొంత అక్క. అంటే తమ్ముడు యజమానుల వైపు, అక్క కార్మికుల వైపు. అయినా బంధం తెగలేదు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎదుటివాడు వేరే పక్షం అయినంత మాత్రాన మాట మానేయాల్సిన పని లేదనే సంగతి విక్రమ్‌కు పాఠంలా కాదు, ఇంటి అలవాటులా వచ్చిందనుకోవచ్చు.

1937లో కేంబ్రిడ్జ్ వెళ్లారు. సెయింట్ జాన్స్ కాలేజీలో చదువు పూర్తయ్యేసరికి రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. ఇంటికి తిరిగొచ్చి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. అక్కడ గైడ్ ఎవరో తెలుసా? సర్ సి.వి.రామన్. హోమీ భాభాతో పరిచయం కూడా అక్కడే. అంతరిక్షం నుంచి భూమి మీదికి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాలే విక్రమ్ సబ్జెక్ట్.

1942లో నాట్య కళాకారిణి మృణాళినీ స్వామినాథన్‌ను పెళ్లి చేసుకున్నారు. మృణాళిని అక్కే నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో మహిళా దళాన్ని నడిపిన కెప్టెన్ లక్ష్మి. యుద్ధం ముగిశాక మళ్లీ కేంబ్రిడ్జ్ వెళ్లి, 1947లో డాక్టరేట్ అందుకున్నారు.

28 ఏళ్లకే ఓ ల్యాబ్

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, నవంబర్‌లో, అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 28. అదే ఏడాది బట్టల మిల్లుల కోసం పరిశోధన సంస్థ అటీరా. 1949లో భార్యతో కలిసి దర్పణ నాట్య అకాడమీ. 1961లో ఐఐఎం అహ్మదాబాద్ ఏర్పాటులో కీలక పాత్ర. మధ్యలో బరోడాలో కుటుంబానికి చెందిన మందుల కంపెనీ బాధ్యతలు. పని మొదలుపెట్టడం, సరైన మనిషిని వెతికి అప్పజెప్పడం, ఇంకో పనికి వెళ్లడం.. ఇదీ ఆయన స్టైల్.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. ప్రపంచం మొత్తం ఆకాశం వైపు చూసింది. సారాభాయ్‌కు ఇందులో ఇంకో అవకాశం కనిపించింది. ఇన్నాళ్లూ నేల మీద కూర్చుని కొలుస్తున్న కాస్మిక్ కిరణాలను నేరుగా పైకి వెళ్లి కొలవొచ్చు. అక్కడితో ఆగకుండా వాతావరణం, టెలిఫోన్, టీవీ, పంటల సర్వే లాంటి పనులకూ ఇదే దారి అని లెక్క వేశారు.

తిండి గింజలకే వెతుక్కునే దేశానికి ఈ రాకెట్లెందుకు? ఈ ప్రశ్న ఆయనకు అడుగడుగునా ఎదురైంది. చంద్రుడి మీదకో, గ్రహాల మీదకో పెద్ద దేశాలతో పోటీ పడాలన్న ఆలోచన తమకు లేదని, దేశంలోని మామూలు మనిషి సమస్యలకు కొత్త టెక్నాలజీని వాడటంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదని ఆయన జవాబిచ్చేవారు. 1962లో అణుశక్తి విభాగం కింద ఇన్‌కోస్పార్ అనే కమిటీ ఏర్పడింది. దానికి చైర్మన్ సారాభాయ్. వెనక అండగా నిలిచింది భాభా. ఇస్రోకు అదే తొలి రూపం.

తుంబానే ఎందుకు?

అమెరికా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్.. ఈ దేశాలన్నీ ఇండియాకు ఊరికే సాయం చేయలేదు. మన దగ్గర వాళ్లకు కావాల్సింది ఒకటుంది. అదే భూ అయస్కాంత మధ్యరేఖ.

సింపుల్‌గా చెప్పుకుందాం. భూమికి ఉన్న అయస్కాంత క్షేత్రానికి కూడా ఒక మధ్యరేఖ ఉంటుంది. అది తుంబాకు దగ్గర్లోంచి వెళ్తుంది. ఆ రేఖ మీద, నేల నుంచి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తులో, పగటి పూట ఓ కరెంటు ప్రవాహం నదిలా పారుతుంది. దాన్ని ఎలక్ట్రోజెట్ అంటారు. దాన్ని కొలవాలంటే బెలూన్లు అంత ఎత్తుకు వెళ్లలేవు. ఉపగ్రహాలేమో అంతకంటే పైన తిరుగుతాయి. మధ్యలో మిగిలింది సౌండింగ్ రాకెట్ ఒక్కటే. పైకి వెళ్లి, కొన్ని నిమిషాలు కొలిచి, కింద సముద్రంలో పడిపోతుంది. ఆ రాకెట్ ఎగరేయడానికి తుంబా లాంటి చోటు కావాలి.

సారాభాయ్ ఈ పాయింట్ పట్టుకున్నారు. సాయం చేయమని బతిమాలలేదు. మా దగ్గర చోటుంది, శాస్త్రవేత్తలున్నారు, మీ దగ్గర రాకెట్లున్నాయి, కలిసి చేద్దాం అనే రీతిలో వెళ్లారు. 1962లో నాసాతో అవగాహన కుదిరింది. ఐక్యరాజ్యసమితి అండ కూడా తోడైంది.

తుంబాలో చోటు దొరకడం అంత ఈజీ కాలేదు. రాకెట్ కేంద్రానికి అనుకున్న స్థలంలో సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి, బిషప్ ఇల్లు, మత్స్యకారుల గుడిసెలు ఉన్నాయి. బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా దగ్గరికి సారాభాయ్ స్వయంగా వెళ్లారు. ఆదివారం ప్రార్థనకు రమ్మని చెప్పిన బిషప్, అక్కడ జనం ముందే విషయం పెట్టి వాళ్ల సమ్మతి తీసుకున్నారని అబ్దుల్ కలాం తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. చర్చి ఆఫీసుగా మారింది. బిషప్ ఇల్లు వర్క్‌షాప్ అయింది. మత్స్యకార కుటుంబాలు తరాలుగా ఉన్న చోటు వదిలి కొత్త చోటుకు కదిలాయి. దేశం గర్వంగా చెప్పుకునే ఈ కథలో మొదటి ఖర్చు పెట్టింది వాళ్లే. ఆ చర్చి ఇప్పటికీ ఉంది, స్పేస్ మ్యూజియంగా.

సామాను కంటే ముందు మనుషులు

రాకెట్ రాకముందే సారాభాయ్ ఓ పని చేశారు. కొందరు యువ ఇంజినీర్లను ఎంపిక చేసి అమెరికా పంపారు. నాసాకు చెందిన గొడార్డ్ సెంటర్, వాలప్స్ ఐలాండ్‌లో శిక్షణ. ఆ బృందంలో కలాం, అరవముదన్ లాంటి వాళ్లున్నారు. అప్పటికి వాళ్లెవరో దేశానికి తెలియదు. వాలప్స్ రిసెప్షన్‌లో కలాం ఓ పెయింటింగ్ చూసి ఆగిపోయారు. బ్రిటిష్ సైన్యం మీద టిప్పు సుల్తాన్ సైనికులు రాకెట్లు వేస్తున్న దృశ్యమది. మన దేశంలోనే చాలామంది మర్చిపోయిన కథ అక్కడ గోడ మీద వేలాడుతోంది.

తిరిగొచ్చాక తుంబాలో పరిస్థితి వేరే. క్యాంటీన్ లేదు, సరైన రోడ్డు లేదు. సైకిళ్ల మీద రాకెట్ విడిభాగాలు మోసుకెళ్లిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. తొలి ప్రయోగం రోజు రాకెట్‌ను ఎత్తే క్రేన్‌లో హైడ్రాలిక్ లీక్ వచ్చింది. చివరికి మనుషులే చేతులేసి రాకెట్‌ను లాంచర్ మీద సర్దారు. ప్రయోగం సక్సెస్. మర్నాడే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు గురయ్యారు. ప్రపంచం మొత్తం ఆ వార్తలో మునిగిపోయింది. తుంబా నారింజ మేఘం గురించి మాట్లాడుకున్న వాళ్లు తక్కువే.

ఇంతకీ ఆ ఒప్పందంలో ఏముంది? దేశాల మధ్య డబ్బు చేతులు మారదు. ఎవరి ఖర్చు వాళ్లది. ఎవరి పని ఏమిటో ముందే రాసుకుంటారు. వచ్చిన సమాచారం ఇద్దరిదీ, ఫలితాలు అందరికీ తెలిసేలా ప్రచురించాలి. సైన్యాలకు సంబంధం ఉండదు. నాసా అప్పట్లో చాలా దేశాలతో ఇదే పద్ధతి పాటించింది. సారాభాయ్ మాత్రం ఆ పద్ధతికి తన వైపు నుంచి ఒక లెక్క కలిపారు. ఒప్పందం అయిపోయి వాళ్లు వెళ్లిపోయాక మన దగ్గర ఏం మిగులుతుంది? పని నేర్చుకున్న మనిషి మిగలాలి. ఇదే ఆ లెక్క.

అందుకే ఒక్క దేశం దగ్గరే ఆగలేదు. ఫ్రాన్స్ నుంచి సెంటార్ అనే రాకెట్‌ను మన దగ్గరే తయారు చేసుకునే హక్కు తీసుకున్నారు. సోవియట్ యూనియన్ వాతావరణ రాకెట్లు ఎం-100 తుంబా నుంచి ఏళ్ల తరబడి ఎగిరాయి. 1968 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తుంబా కేంద్రాన్ని ఐక్యరాజ్యసమితికి అంకితం చేశారు. అంటే ఏ దేశ శాస్త్రవేత్త అయినా వచ్చి ప్రయోగం చేసుకోవచ్చు. అలా చేయడంతో తుంబా మీద ఏ ఒక్క పెద్ద దేశం ముద్రా పడలేదు.

అప్పటికే, 1967 నవంబర్ 20న, పూర్తిగా మన సొంత రాకెట్ రోహిణి-75 తుంబా నుంచి ఎగిరింది. 75 అంటే రాకెట్ వ్యాసం, మిల్లీమీటర్లలో. అంటే మన చేతి మణికట్టు కంటే కాస్త లావు! నవ్వుకున్న వాళ్లూ ఉండొచ్చు. కానీ అప్పు తెచ్చుకున్న రాకెట్‌కూ, సొంతంగా చేసిన రాకెట్‌కూ మధ్య దూరం నాలుగేళ్లే.

ఒక చోట మాత్రం తలుపులు తెరుచుకోలేదు. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే పెద్ద రాకెట్ టెక్నాలజీ దగ్గరికొచ్చేసరికి అమెరికా వెనక్కి తగ్గింది. ఎందుకంటే ఆ టెక్నాలజీతోనే క్షిపణి కూడా చేయొచ్చు. సారాభాయ్‌కు విషయం అర్థమైంది. ఇది మనమే చేసుకోవాలి. ఎస్ఎల్‌వీ ఆలోచన అలా పట్టాలెక్కింది.

శ్రీహరికోట ఎలా తెరపైకి వచ్చింది?

ఉపగ్రహం ఎగరాలంటే తుంబా చాలదు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి తూర్పు వైపు ప్రయోగిస్తే రాకెట్‌కు ఆ వేగం బోనస్. తూర్పున సముద్రం ఉంటే కిందపడే భాగాలతో జనానికి ప్రమాదం ఉండదు. అలా వెతుకుతుంటే 1969లో నెల్లూరు జిల్లాలో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దొరికింది. అక్కడ యానాదులు తరతరాలుగా ఉంటున్నారు. తుంబాలో మత్స్యకారుల లాగే ఇక్కడ వాళ్లలో చాలామంది తమ చోటు వదులుకోవాల్సి వచ్చింది. 1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ రోహిణి-125 ఎగిరింది.

ఈలోగా సారాభాయ్ భుజాల మీద బరువు రెట్టింపైంది. 1966 జనవరి 24న హోమీ భాభా ఆల్ప్స్ పర్వతాల్లో విమాన ప్రమాదంలో చనిపోయారు. అణుశక్తి కమిషన్ చైర్మన్ పదవి సారాభాయ్‌కు వచ్చింది. 1969 ఆగస్టు 15న ఇస్రో పుట్టింది. ఒకవైపు అణుశక్తి, ఇంకోవైపు అంతరిక్షం, మరోవైపు అహ్మదాబాద్ సంస్థలు. ఢిల్లీ, ముంబై, అహ్మదాబాద్, తిరువనంతపురం మధ్య తిరుగుతూనే ఉండేవారు. ఒక్క మనిషి ఇన్ని చూడగలరా అని విమర్శలూ వచ్చాయి. అణుబాంబు విషయంలో ఆయనకు ఉత్సాహం లేకపోవడం కొందరికి నచ్చలేదు.

ఊరికో టీవీ.. అమెరికా ఉపగ్రహంతో

అదే 1969లో, సెప్టెంబర్ 18న, సారాభాయ్ తన జీవితంలో అతి పెద్ద ఒప్పందం మీద సంతకం చేశారు. ఒకవైపు భారత అణుశక్తి విభాగం, మరోవైపు నాసా. దాని పేరు శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. పొట్టిగా సైట్.

ప్లాన్ ఇది. అమెరికా ఏటీఎస్-6 అనే పెద్ద ఉపగ్రహం తయారు చేస్తోంది. దానికి 9 మీటర్ల వెడల్పున గొడుగులా విచ్చుకునే యాంటెన్నా. అంత బలమైన సిగ్నల్ ఉంటే నేల మీద భారీ స్టేషన్ అక్కర్లేదు, ఊళ్లో చిన్న డిష్ చాలు. ఆ ఉపగ్రహాన్ని ఏడాది పాటు ఇండియాకు కనిపించే చోటికి జరుపుతారు. ఏటీఎస్-6, దాని టైమ్ నాసా ఇస్తుంది. టీవీ సెట్లు, డిష్‌లు, స్టూడియోలు, ప్రోగ్రామ్‌లు, రిపేర్లు, ఫలితాల లెక్కింపు.. మొత్తం ఇండియా బాధ్యత.

ఇక్కడే సారాభాయ్ తెలివి కనిపిస్తుంది. రెండో భాగం చూడ్డానికి కూలి పనిలా ఉంటుంది. కానీ నేర్చుకోవాల్సిందంతా అందులోనే ఉంది. అప్పటికి దేశంలో టీవీ అంటే దాదాపుగా ఢిల్లీ మాత్రమే. ఆయన చొరవతో 1967లో ఢిల్లీ చుట్టుపక్కల 80 ఊళ్లలో రైతుల కోసం కృషి దర్శన్ మొదలైంది. అది రిహార్సల్. పట్టణాలకు ముందు టీవీ వచ్చి, అక్కడి నుంచి మెల్లగా పల్లెకు పోవడం మామూలు పద్ధతి. ఉపగ్రహం ఉంటే వెనకబడిన పల్లెతోనే మొదలుపెట్టొచ్చన్నది ఆయన వాదన.

1971.. అన్నీ ఒకేసారి

ఆ ఏడాది పరిణామాలు వేగంగా మారాయి. 1971 ఆగస్టు 9న భారత్, సోవియట్ యూనియన్ మైత్రి ఒప్పందం చేసుకున్నాయి. డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధం. అమెరికా తన ఏడో నౌకాదళానికి చెందిన ఎంటర్‌ప్రైజ్ విమాన వాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపింది. భారత్, అమెరికా సంబంధాలు అంతకు ముందెన్నడూ లేనంతగా దెబ్బతిన్నాయి. నాసాతో చేసుకున్న టీవీ ఒప్పందం మాత్రం రద్దు కాలేదు.

అదే ఏడాది సోవియట్ వైపు నుంచి ఓ ఆఫర్ వచ్చింది. ఇండియా ఉపగ్రహం ఇస్తే తమ రాకెట్‌తో ప్రయోగిస్తామని. సారాభాయ్ ఆ పనిని తన శిష్యుడు యు.ఆర్.రావుకు అప్పగించారు. ఇండియాలో ఉపగ్రహం తయారు చేసిన అనుభవం ఒక్కరికీ లేదు. అయినా ఇక్కడే తయారు కావాలి. లెక్క మళ్లీ అదే.

డిసెంబర్ 16న యుద్ధం ముగిసింది. నెలాఖరులో సారాభాయ్ తుంబా పనులు చూసేందుకు కేరళ వెళ్లారు. కోవలం తీరంలోని గెస్ట్‌హౌస్‌లో బస. డిసెంబర్ 30న అక్కడే నిద్రలో కన్నుమూశారు. గుండెపోటు. వయసు 52 ఏళ్లు.

అప్పటికి భారత ఉపగ్రహం ఒక్కటీ ఆకాశంలో లేదు. ఎస్ఎల్‌వీ కాగితాల మీదే ఉంది. టీవీ ప్రయోగానికి వాడాల్సిన ఉపగ్రహం అమెరికాలో ఇంకా తయారవుతోంది. ఆయన వేసిన పందేలన్నీ మధ్యలో ఉన్నాయి. వ్యక్తిని నమ్ముకుని నడిచే పనులు అక్కడితో ఆగిపోవాలి. కానీ అలా జరగలేదు.

ఆయన లేకున్నా పని ఆగలేదు

ఇస్రో పగ్గాలు సతీశ్ ధావన్ చేతికొచ్చాయి. 1972 మేలో సోవియట్ యూనియన్‌తో ఉపగ్రహ ఒప్పందం పూర్తయింది. బెంగళూరు శివార్లలోని పీణ్యాలో రేకుల షెడ్లలో రావు బృందం పని చేసింది. సోలార్ సెల్స్, బ్యాటరీలు లాంటివి సోవియట్ ఇచ్చింది. మిగతాది మనవాళ్లే కట్టారు. 1975 ఏప్రిల్ 19న కపుస్తిన్ యార్ నుంచి 360 కిలోల ఆర్యభట్ట కక్ష్యలోకి చేరింది. కొద్ది రోజులకే పవర్ సమస్య వచ్చి దాని సైన్స్ ప్రయోగాలు ఆగిపోయాయి. కానీ ఉపగ్రహం కట్టడం తెలిసిన బృందం మిగిలింది. తర్వాతి భాస్కర ఉపగ్రహాలకు ఆ అనుభవమే పెట్టుబడి.

ఇక అమెరికా వైపు చూస్తే.. 1974 మే 18న ఇండియా పోఖ్రాన్‌లో అణుపరీక్ష చేసింది. అమెరికాలో కలకలం. సరిగ్గా 12 రోజులకు, మే 30న, నాసా ఏటీఎస్-6ను ప్రయోగించింది. ఇంత జరిగాక ఉపగ్రహాన్ని ఇండియా వైపు జరుపుతారా? జరిపారు. ఒప్పందంలో సైన్యం పాత్ర లేకపోవడం, ఎవరి పని ఎంతో స్పష్టంగా రాసి ఉండటం అప్పుడు అక్కరకొచ్చాయి.

1975 ఆగస్టు 1న ప్రసారాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్.. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలు. హిందీ, కన్నడ, ఒరియాతో పాటు తెలుగు. ఢిల్లీ, కటక్‌తో పాటు హైదరాబాద్‌లోనూ కార్యక్రమాలు తయారయ్యాయి. రోజుకు దాదాపు నాలుగు గంటలు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పాటలు, నాటకాలు.

ఆ డిష్ యాంటెన్నా ఎలా ఉండేదో తెలుసా? కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతో 3 మీటర్ల గొడుగు. చౌక, తేలిక, చెడిపోతే అక్కడికక్కడే బాగుచేసుకోవచ్చు. కరెంటు లేని కొన్ని ఊళ్లలో టీవీ బ్యాటరీల మీద నడిచింది. సినిమా హాలు మొహం చూడని పల్లెలో, బడి ముందు పెట్టిన ఒకే ఒక్క టీవీ ముందు ఊరంతా నేల మీద కూర్చుని చూసింది. అది తెలుగులో మాట్లాడుతోంది! సిగ్నల్ వస్తున్నది మాత్రం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అమెరికా ఉపగ్రహం నుంచి.

సరిగ్గా ఏడాది. 1976 జూలై 31న ప్రసారాలు ఆగిపోయాయి. ఒప్పందం ప్రకారం నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకెళ్లింది. ఊళ్లలో టీవీలు మూగబోయాయి. కావాలని అడిగినా ఉపగ్రహం మనది కాదు కదా. సహకారం అంటే ఏంటో, దాని హద్దు ఎక్కడో ఆ రోజు పల్లెలకూ తెలిసింది, ఇస్రోకూ తెలిసింది.

మరి ఏం మిగిలింది? డిష్‌లు డిజైన్ చేసిన ఇంజినీర్లు, కార్యక్రమాలు తీసిన బృందాలు, మారుమూల ఊళ్లలో టీవీ బాగుచేయడం నేర్చిన మెకానిక్‌లు. వాళ్ల అనుభవంతోనే సొంత ఉపగ్రహ వ్యవస్థ ఇన్‌శాట్ ముందుకొచ్చింది. మొదటి ఇన్‌శాట్‌లను అమెరికా కంపెనీ తయారు చేసింది. 1983లో ఇన్‌శాట్-1బీని అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ మోసుకెళ్లింది. తర్వాతి తరం ఇన్‌శాట్-2లు మాత్రం మనవే. అంతకు ముందే, 1980 జూలై 18న, కలాం బృందం చేసిన ఎస్ఎల్‌వీ-3 శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అమెరికా ఇవ్వని టెక్నాలజీ అదే.

దోస్తీకి హద్దులు.. హద్దులకు సమాధానాలు

ఆ తర్వాత కూడా తలుపులు మూసుకున్న సందర్భాలున్నాయి. 1990ల మొదట్లో రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజిన్ టెక్నాలజీ కొనాలనుకుంటే అమెరికా ఆంక్షలు పెట్టింది. రష్యా కొన్ని ఇంజిన్లు ఇచ్చింది గానీ టెక్నాలజీ ఇవ్వలేదు. మన సొంత క్రయోజెనిక్ దశ జీఎస్ఎల్‌వీలో సక్సెస్ కావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు 2025 జూలై 30కి వద్దాం. నాసా, ఇస్రో కలిసి తయారు చేసిన నైసార్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఎక్కించుకుని వెళ్లింది అదే జీఎస్ఎల్‌వీ. ఉపగ్రహంలో ఒక రాడార్ నాసాది, ఇంకొకటి ఇస్రోది. భూమి మీద నేల కదలికలు, మంచు, అడవులు, పంటలు చూసే పని దానిది. 1970లోనే కేరళ కొబ్బరి తోటల తెగులును పైనుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్‌తో ఫొటోలు తీసి పట్టుకునే ప్రయోగం సారాభాయ్ హయాంలో జరిగింది. ఆ దారిలో ఇది చాలా దూరం వచ్చిన అడుగు.

సారాభాయ్‌కు బతికుండగా పద్మభూషణ్, పోయాక పద్మవిభూషణ్ వచ్చాయి. తుంబా కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. చంద్రుడి మీద ఓ బిలానికి సారాభాయ్ అని పేరుంది. 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన చంద్రయాన్-3 ల్యాండర్ పేరు కూడా విక్రమే.

పేర్లు పెట్టుకోవడం సరే. ఆయన వదిలిపోయిన లెక్క మాత్రం ఇంకా పాతబడలేదు. రేపు ఇంకో దేశంతో ఇంకో అంతరిక్ష ఒప్పందం వార్త వస్తుంది. నేతలు చేతులు కలిపిన ఫొటో స్క్రీన్ మీద కనిపిస్తుంది. అప్పుడు చూడాల్సింది ఆ ఫొటో ఒక్కటే కాదు. పనిలో మన వాటా ఏంటి, వాళ్లు వెళ్లిపోయాక మన దగ్గర పని నేర్చుకున్న వాళ్లు ఎంతమంది మిగులుతారు అన్నది కూడా చూడాలి. 1976లో టీవీలు మూగబోయినా ఇస్రో ఆగకపోవడానికి కారణం ఆ మిగిలిన మనుషులే.